షరియత్‌లో మార్పు ఏ దారుల్లో వచ్చింది, ఏది నిలిచింది?

ఇస్లామీయ ధర్మశాస్త్రం దైవదత్తం కాబట్టి మారదని ఒక పక్షం, ఈజిప్టు, ట్యునీషియా, మొరాకో వంటి ముస్లిం దేశాలే దాన్ని మార్చుకున్నాయి కదా అని మరో పక్షం వాదిస్తున్నాయని, అసలు ఆ మార్పులు ఏ పద్ధతిలో జరిగాయో, వాటిలో ఏవి నిలిచాయో, మన దేశంలో అలాంటిది ఎందుకు సాధ్యం కాలేదో చెప్పమని మీరు అడిగారు. ముప్పై ఏళ్లుగా ముస్లిం వైవాహిక, వారసత్వ వివాదాలు నడుపుతున్న న్యాయవాదిగా ఈ ప్రశ్నను నేను ఎన్నోసార్లు ఎదుర్కొన్నాను. మీ ప్రశ్నలోని చివరి మాటను మాత్రం ముందే సవరించాలి. మన దేశంలో అది సాధ్యమైంది. 1939లోనే అయింది. అది ఎలా జరిగిందో తెలిస్తే మిగిలిన దేశాల సంగతి సగం అర్థమవుతుంది కాబట్టి నేను అక్కడి నుంచే మొదలుపెడతాను.

ముందుగా ఒక భేదం చెప్పాలి. షరియత్ అంటే దేవుడు చూపిన మార్గమని, ఫిఖ్ అంటే ఆ మార్గాన్ని మనుషులు అర్థం చేసుకున్న తీరని పండితులు మొదటి నుంచీ వేరు చేసి చెబుతారు. ఖురాన్, ప్రవక్త సంప్రదాయం, పండితుల ఏకాభిప్రాయం, సాదృశ్య తర్కం అనే నాలుగు ఆధారాల మీద ఎనిమిది, తొమ్మిది శతాబ్దాల ఇమాములు, వారి శిష్యులు నిర్మించిన సున్నీ న్యాయసంప్రదాయాలలో హనఫీ, మాలికీ, షాఫియీ, హంబలీ అనే నాలుగు ఈనాటికీ నిలిచి ఉన్నాయి. తెలుగు ప్రాంతాల ముస్లింలలో అత్యధికులు హనఫీలే అయినా, హైదరాబాదు బార్కస్‌లో స్థిరపడిన హద్రమౌత్ అరబ్బుల వారసులు షాఫియీ పద్ధతిని అనుసరిస్తారు. అంటే ఒకే నగరంలో, ఒకే మతంలో రెండు న్యాయశాస్త్రాలు పక్కపక్కనే, ఒకదాన్ని మరొకటి తప్పుపట్టకుండా నడుస్తున్నాయి. న్యాయస్థానాల్లో మనం వాదించేదంతా ఫిఖ్ గురించే గాని దైవవాక్యం గురించి కాదు. ఈ భేదాన్ని పట్టించుకోని వాదన ఏ పక్షం నుంచి వచ్చినా ముందుకు సాగదు.

హనఫీ న్యాయంలో భర్తకు తలాఖ్ చెప్పడం ఎంత సులువో, భార్యకు బంధం నుంచి బయటపడటం అంత కష్టం. భర్త నపుంసకుడైతే తప్ప దాదాపు మరే కారణం మీదా ఖాజీ నికాను రద్దు చేయలేడు. భర్త పోషించకపోయినా, కొట్టినా, ఏళ్ల తరబడి జైల్లో ఉన్నా ఆమె భార్యగానే మిగిలిపోవాలి. భర్త కనిపించకుండా పోతే అతని ఈడువాళ్లందరూ చనిపోయేంత కాలం వేచి ఉండాలని హనఫీ గ్రంథాలు చెప్పాయి. మాలికీ న్యాయం ఇదే ప్రశ్నకు నాలుగేళ్లు చాలునంది, పోషణ లేకపోవడం, హాని చేయడం కూడా రద్దుకు తగిన కారణాలేనంది. రెండూ ఆ నాలుగు ఆధారాల నుంచే వచ్చాయి.

బ్రిటిష్ పాలనలో పంజాబ్ స్త్రీలు ఈ చెరలోంచి బయటపడటానికి ఒక భయంకరమైన దారి కనిపెట్టుకున్నారు. ముస్లిం స్త్రీ మతం వీడితే ఆమె నికా ఆ క్షణమే రద్దవుతుందన్న హనఫీ సూత్రాన్ని న్యాయస్థానాలు అమలు చేసేవి కాబట్టి, భర్త పీడ వదిలించుకోవడం కోసమే కొందరు స్త్రీలు తాము ఇస్లాంను విడిచామని ప్రకటించసాగారు. 1929లో మద్రాసులోను హైదరాబాదులోను ఉపన్యాసాలు చేయడానికి దక్షిణాదికి వచ్చిన కవి, తాత్వికుడు ముహమ్మద్ ఇక్బాల్, మరుసటి సంవత్సరం గ్రంథంగా వెలువడిన ఆ ఉపన్యాసాల పరంపరలో ఈ ఉదాహరణనే ఎత్తి చూపి, మతాన్ని కాపాడవలసిన న్యాయశాస్త్రమే స్త్రీలను మతం వీడేలా చేస్తుంటే దాని ఉద్దేశం ఏమైనట్లని నిలదీశారు. స్వతంత్రంగా ఆలోచించి తీర్పు చెప్పే ఇజ్తిహాద్‌కు తలుపులు మూసుకుపోయాయన్న మాట కల్పన అని, ఆ అధికారం ఇకపై శాసనసభకు చెందాలని ఆయన వాదించారు.

అయితే ఆ తలుపు తీసింది ఇక్బాల్ వంటి ఆధునికుడు కాదు. దేవబంద్ మత విద్యాలయ సంప్రదాయంలో అత్యంత గౌరవం పొందిన, ఏ కోణంలో చూసినా సంస్కర్త అనిపించుకోని మౌలానా అష్రఫ్ అలీ థానవీ ఆ పని చేశారు. 1930ల మొదట్లో ఆయన నిస్సహాయురాలైన భార్యకు పనికివచ్చే ఉపాయం అన్న అర్థం వచ్చే పేరుతో ఒక గ్రంథం రాశారు. అందుకోసం మదీనాలోని మాలికీ పండితులకు లేఖలు రాసి వారి ఫత్వాలు తెప్పించుకున్నారు. హనఫీ పద్ధతి వల్ల దుర్భరమైన కష్టం కలిగే చోట మాలికీ అభిప్రాయాన్ని అనుసరించవచ్చునని, ఆ అనుమతి హనఫీ న్యాయంలోనే ఉందని నిరూపించారు. మతం వీడితే నికా రద్దవుతుందన్న పాత అభిప్రాయాన్ని పక్కన పెట్టి, అలా రద్దు కాదన్న బల్ఖ్, సమర్‌ఖంద్ పండితుల మాటను తీసుకున్నారు. ఒక చేత్తో పెడదారిని మూసి మరో చేత్తో రాజమార్గం తెరవడం అంటే ఇదే. ఈ ఘట్టాన్ని ఎన్నిసార్లు చదివినా నాకు ఆ పెద్దాయన మీద గౌరవం పెరుగుతూనే ఉంది. తన సంప్రదాయాన్ని సడలించడానికి ఆయన ఆ సంప్రదాయం అడుగు లోతు దాకా వెళ్లారు.

ఆ పునాది మీద ఖాజీ ముహమ్మద్ అహ్మద్ కాజ్మీ 1936లో కేంద్ర శాసనసభలో బిల్లు ప్రవేశపెట్టారు. అదే 1939 నాటి ముస్లిం వివాహ రద్దు చట్టం అయింది. భర్త జాడ నాలుగేళ్లు తెలియకపోవడం, రెండేళ్లు పోషించకపోవడం, ఏడేళ్లు లేదా అంతకు మించిన జైలుశిక్ష పడటం, మూడేళ్లు దాంపత్య ధర్మం నెరవేర్చకపోవడం, క్రూరత్వం మొదలైనవి రెండో సెక్షన్‌లో కారణాలుగా చేరాయి. బిల్లు ఉద్దేశాల ప్రకటనలోనే హనఫీ న్యాయంలో స్త్రీకి ఈ ఉపశమనం లేదని, కష్టం కలిగితే ఇతర సంప్రదాయాలను ఆశ్రయించడానికి హనఫీ పండితులే అనుమతించారని రాశారు. మతం వీడినంత మాత్రాన వివాహం రద్దు కాదని నాలుగో సెక్షన్ చెప్పింది. ఎనభై ఏళ్లు దాటాక కూడా మేము అర్జీ రాసేది ఈ చట్టం కిందనే.

అందులో ఒక లోటు మిగిలిపోయింది. ఇలాంటి వ్యాజ్యాలను ముస్లిం న్యాయమూర్తులే విచారించాలన్న నిబంధన బిల్లులో ఉండేది. శాసనసభ దాన్ని తొలగించింది. ఉలేమా, అంటే మతపండితులు, అప్పుడే నిరసన తెలిపారు. ముస్లిమేతర న్యాయమూర్తి ఇచ్చిన రద్దు ధర్మపరంగా చెల్లదన్న అభిప్రాయం వారిలో చాలామందికి నేటికీ ఉంది. పౌరుడిగా నేను ఆ నిబంధన తొలగింపును సమర్థిస్తాను, ఎందుకంటే న్యాయమూర్తి మతాన్ని బట్టి న్యాయస్థానం మారకూడదు. కాని దాని ఫలితం ఎలా ఉంటుందో నేను స్వయంగా చూశాను. కోస్తాలోని ఒక చిన్న పట్టణం నుంచి వచ్చిన ఒక అమ్మాయికి రెండున్నరేళ్లు తిరిగి డిక్రీ సాధించి పెట్టాం. కాగితం చేతికిచ్చిన రోజు ఆమె తల్లి దాన్ని కళ్లకద్దుకుని, కోర్టులో చెల్లింది సరే వకీలు సాబ్, అల్లా దగ్గర చెల్లుతుందా అని అడిగింది. తర్వాత వారి వీధిలోని పెద్ద ఒకరు రెండో నికా చదవడానికి నిరాకరించారు. చివరికి మేము ఫత్వాలిచ్చే ఒక ముఫ్తీ దగ్గరకు వెళ్లి, డిక్రీలోని కారణాలు మాలికీ న్యాయంలో ఎక్కడ ఉన్నాయో, థానవీ వాటిని ఎలా ఆమోదించారో చూపించి, ఆయన నోట అవుననిపించాక గాని ఆ పెళ్లి జరగలేదు. ఆనాటి నుంచి నేను ప్రతి సంస్కరణనూ ఆ తల్లి ప్రశ్నతోనే కొలుస్తున్నాను. చట్టం చేయడం ఒక ఎత్తు, విశ్వాసి మనస్సాక్షి దాన్ని తనదిగా అంగీకరించడం మరో ఎత్తు.

ఇప్పుడు మిగిలిన దేశాల విషయానికి వద్దాం. థానవీ అనుసరించిన మార్గాన్ని శాస్త్రంలో తఖయ్యుర్ అంటారు, అంటే వివిధ న్యాయసంప్రదాయాల నుంచి అనువైన అభిప్రాయాన్ని ఎంచుకోవడం. తుర్కుల ఉస్మానియా (ఆటోమన్) సామ్రాజ్యం 1869 నుంచి 1876 వరకు అహ్మద్ జెవ్‌దెత్ పాషా నాయకత్వంలో లావాదేవీల న్యాయాన్ని 1,851 అధికరణాలుగా క్రోడీకరించినప్పుడు దాదాపు హనఫీ గీత దాటలేదు గాని, కాలం మారితే ఆదేశాలు మారడం కాదనలేనిదన్న సూత్రాన్ని 39వ అధికరణంగా చేర్చింది. 1917 నాటి కుటుంబ హక్కుల చట్టంలో ఆ గీత కూడా దాటి ఇతర సంప్రదాయాల నుంచి తీసుకుంది. ఈజిప్టు 1920, 1929 చట్టాలలో మాలికీ కారణాల మీద భార్యకు రద్దు హక్కు ఇచ్చింది. ఒకే ఊపులో మూడుసార్లు చెప్పిన తలాఖ్‌ను ఒక్కటిగానే లెక్కించాలని 1929లో శాసించడానికి, 1328లో మరణించిన పండితుడు ఇబ్న్ తైమియా అభిప్రాయం ఆసరా అయింది. ప్రవక్త కాలంలోను, తొలి ఖలీఫా అబూబకర్ కాలంలోను, రెండో ఖలీఫా ఉమర్ పాలన మొదటి రెండేళ్లలోను మూడు తలాఖ్‌లను ఒక్కటిగానే లెక్కించేవారన్న, ప్రవక్త అనుచరుడు ఇబ్న్ అబ్బాస్ ఉల్లేఖనం దానికి మూలం. మన దేశంలో నాలుగు సంప్రదాయాలలో దేనికీ కట్టుబడకుండా నేరుగా హదీసులను, అంటే ప్రవక్త మాటలు, చేతల ఉల్లేఖనాలను, ఆశ్రయించే అహ్లె హదీస్ వారు దీన్నే అనుసరిస్తారు. ఈజిప్టు ఈ మార్పు తెచ్చిన 88 ఏళ్లకు గాని మన సుప్రీంకోర్టులో ఈ ప్రశ్న తేలలేదు.

ఈ మార్గానికి హద్దు కూడా ఉంది. పాత గ్రంథాల్లో ఎవరో ఒకరు చెప్పి ఉంటేనే తీసుకోగలం, ఎవరూ చెప్పనిది దొరకదు. పైగా ఒక పండితుడి నుంచి సగం, మరో పండితుడి నుంచి సగం కలిపి ఇద్దరూ ఒప్పుకోని మూడో నియమం తయారుచేసే తల్ఫీఖ్ అనే పద్ధతిని, ఫలితం ముందే నిర్ణయించుకుని ఆధారం వెతుకుతున్నారని ఉలేమా విమర్శిస్తారు. ఆ విమర్శలో కొంత న్యాయం ఉందని ఒప్పుకోవాలి.

మరో మార్గం ధర్మాన్ని తాకకుండా విధానాన్ని మార్చడం. ప్రజాహితం కోసం న్యాయస్థానాల అధికార పరిధిని పాలకుడు నిర్ణయించవచ్చునన్నది సంప్రదాయం ఒప్పుకున్న మాటే. ఈజిప్టు 1923లో బాల్యవివాహాలు చెల్లవని అనలేదు. వధువుకు 16, వరుడికి 18 ఏళ్లు నిండని వివాహానికి సంబంధించిన దావాను న్యాయస్థానం వినదని మాత్రమే అంది. పాకిస్తాన్ 1961 ఆర్డినెన్స్ తలాఖ్‌ను ఆపలేదు గాని, భర్త స్థానిక మండలి అధ్యక్షుడికి రాతపూర్వకంగా తెలిపి 90 రోజులు గడిస్తే గాని అది అమల్లోకి రాదంది. ఇది తెలివైన ఏర్పాటే, అయితే ప్రజల మనసులో ఒక న్యాయం, ప్రభుత్వ పుస్తకంలో మరొక న్యాయం ఉన్నప్పుడు వచ్చే ముప్పు కూడా అక్కడే బయటపడింది. భర్త తలాఖ్ చెప్పి నోటీసు ఇవ్వకపోతే, ధర్మం ప్రకారం విడిపోయానని నమ్మి మరో పెళ్లి చేసుకున్న స్త్రీ, చట్టం దృష్టిలో ఇంకా మొదటి భర్త భార్యే. 1979లో వివాహేతర సంబంధాన్ని నేరంగా శిక్షించే జినా ఆర్డినెన్స్ వచ్చాక అలాంటి స్త్రీల మీద మాజీ భర్తలు వ్యభిచారం కేసులు పెట్టారు. ఆమె మేలు కోసం చేసిన నియమమే ఆమెను ముద్దాయిని చేసింది. విధానం మార్చేవాళ్లు నోటీసు ఇవ్వని తప్పుకు శిక్ష ఎవరి మీద పడుతుందో మొదటే ఆలోచించాలి.

మూలగ్రంథాన్ని తిరిగి చదవడం అన్నిటికన్నా సాహసవంతమైన దారి. 1899లో ఈజిప్టు ముఫ్తీ అయిన ముహమ్మద్ అబ్దూ నుంచి ఈ ధార బలపడింది. ఖురాన్ నాలుగో అధ్యాయంలో భార్యల మధ్య న్యాయం చేయలేమన్న భయం ఉంటే ఒక్కరితోనే సరిపెట్టుకోమని మూడో వాక్యం, ఎంత కోరుకున్నా మీరు వారి మధ్య న్యాయం చేయలేరని 129వ వాక్యం అంటాయి. ఈ రెండింటినీ కలిపి చదివితే బహుభార్యాత్వం ఆచరణలో నిషిద్ధమే అన్న వాదాన్ని స్వీకరించి ట్యునీషియా 1956 ఆగస్టు 13న దాన్ని నేరం చేసింది, తలాఖ్‌ను పూర్తిగా న్యాయస్థానం చేతిలో పెట్టింది. అప్పటి ప్రధాని, మరుసటి ఏడాది అధ్యక్షుడైన బుర్గీబా లౌకికవాది అయినా ఇది ఇజ్తిహాద్ అనే చెప్పుకున్నారు. 2011 విప్లవం తర్వాత ఎన్నికల్లో గెలిచిన ఇస్లామిక్ పార్టీ అన్నహ్‌దా నాయకులు సైతం ఆ చట్టం జోలికి పోమని ప్రకటించారంటే, రెండు తరాలలో అది అక్కడి ప్రజల సొంతమైందన్నమాట.

పాకిస్తాన్‌లో వ్యతిరేకత తట్టుకోలేక 1968లో దేశం విడిచి, షికాగోలో బోధించిన ఫజ్లుర్ రహ్మాన్ ఈ పఠనానికి ఒక క్రమం ఇచ్చారు. ఒక ఆదేశం ఏ పరిస్థితిలో వచ్చిందో తెలుసుకోవడానికి ఆ కాలానికి వెళ్లి, దాని వెనకనున్న నైతిక సూత్రాన్ని గ్రహించి, ఆ సూత్రంతో మన కాలానికి తిరిగి రావాలన్నది ఆయన చెప్పిన జంట ప్రయాణం. సూడాన్‌లో మహమూద్ ముహమ్మద్ తాహా ఇంకా ముందుకు వెళ్లి, మక్కా కాలపు వాక్యాల సమానత్వ సందేశమే శాశ్వతమని, మదీనా కాలపు శాసనాలు ఆ సమాజానికి పరిమితమని బోధించారు. 1985 జనవరి 18న ఆయన్ని ఉరితీశారు. ఈ చర్చ కొన్నిచోట్ల ప్రాణాలతో చెలగాటం అని గుర్తుంచుకోవాలి.

పునఃపఠనం హదీసు ఆధారంగా జరిగినప్పుడు సామాన్యులకు త్వరగా చేరుతుంది. సాబిత్ ఇబ్న్ ఖైస్ భార్య, భర్తలో తప్పేమీ లేకపోయినా కలిసి ఉండలేనని చెబితే, అతనిచ్చిన తోటను తిరిగి ఇప్పించి ప్రవక్త ఆమెను విడిపించారన్న ఉల్లేఖనం ఉంది. అక్కడ భర్త అంగీకారం తప్పనిసరి కాలేదని చదివి 1967లో పాకిస్తాన్ సుప్రీంకోర్టు, 2000లో ఈజిప్టు శాసనసభ భార్యకు ఖులా హక్కు, అంటే తానే కోరి విడిపోయే హక్కు, ఇచ్చాయి. భార్య ఖులా హక్కుకు భర్త సమ్మతి అవసరం లేదని 2025 జూన్‌లో తెలంగాణ హైకోర్టు కూడా తీర్పు చెప్పింది. పుట్టింటివాళ్లతో వచ్చి కూర్చునే స్త్రీలకు నేను ముందుగా ఈ తోట కథే చెబుతాను. వారి ముఖంలో భయం తగ్గడం కళ్లారా కనిపిస్తుంది.

పాత న్యాయాన్ని మొత్తంగా తీసివేసి మరొకటి పెట్టడం అనే మార్గం గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. 1926లో టర్కీ స్విస్ పౌరస్మృతిని దాదాపు యథాతథంగా తెచ్చుకుంది. అక్కడ అది నిలిచింది గాని, పల్లెల్లో మతపరమైన నికాతోనే సరిపెట్టుకున్న కుటుంబాల పిల్లలను సక్రమ సంతానంగా గుర్తించడానికి ప్రభుత్వం తర్వాత పదేపదే ప్రత్యేక చట్టాలు చేయవలసి వచ్చింది.

మన సుప్రీంకోర్టు 2002లో షమీమ్ ఆరా కేసులో, సహేతుకమైన కారణం, ముందుగా ఇరువైపుల మధ్యవర్తులతో రాజీ ప్రయత్నం లేని తలాఖ్ చెల్లదంది. 2017 ఆగస్టు 22న షాయరా బానో కేసులో ముగ్గురు న్యాయమూర్తులు ఒకే ఫలితానికి రెండు దారుల్లో చేరుకున్నారు. ఇద్దరు తక్షణ త్రిపుల్ తలాఖ్ రాజ్యాంగం 14వ అధికరణానికి విరుద్ధమన్నారు. జస్టిస్ కురియన్ జోసెఫ్ అది ఖురాన్‌కే విరుద్ధం కాబట్టి షరియత్‌లో భాగం కాదన్నారు. వీధిలో వాదన వచ్చినప్పుడు నాకు ఉపయోగపడుతున్నది రెండోదే. 2019 చట్టం దాన్ని మూడేళ్ల దాకా జైలుశిక్ష పడే నేరంగా చేయడం మాత్రం పొరపాటని నా నిశ్చితాభిప్రాయం. చెల్లని మాట పలికిన భర్తను జైల్లో పెడితే భార్యకు భరణం ఎక్కడి నుంచి వస్తుందన్న ప్రశ్నకు ఆ చట్టంలో సరైన జవాబు లేదు.

ఈ దారులన్నీ వివాహ విషయంలో ఎంతో కొంత దూరం వెళ్లాయి గాని వారసత్వం దగ్గర నెమ్మదించాయి. వాటాలు ఖురాన్‌లోనే భిన్నాలతో సహా ఉన్నాయి కాబట్టి ఎంచుకోవడానికి మరో అభిప్రాయం దొరకదు. కొడుకుకూ కూతురికీ సమాన వాటా ఇచ్చే బిల్లును 2018 నవంబరులో ట్యునీషియా మంత్రివర్గం ఆమోదించినా పార్లమెంటులో అది చట్టం కాలేదు. ఖురాన్ సూటిగా చెప్పని చోట మాత్రం దారి దొరికింది. తండ్రి కన్నా ముందు కొడుకు చనిపోతే, బాబాయిలు ఉండగా ఆ కొడుకు పిల్లలకు తాత ఆస్తిలో వాటా రాదన్నది పాత నియమం. ఈజిప్టు 1946లో పదకొండో శతాబ్దపు ఇబ్న్ హజ్మ్ అభిప్రాయం ఆధారంగా, తాత వీలునామా రాసినా రాయకపోయినా మూడో వంతుకు లోబడి ఆ పిల్లలకు వారి తండ్రి వాటా దక్కేలా చేసింది. పాకిస్తాన్ 1961లో నేరుగా ప్రాతినిధ్య వారసత్వమే ఇచ్చింది, ఇండోనేషియా 1991 సంకలనంలో తన పద్ధతిలో ఆ పిల్లలను చేర్చుకుంది. మన దేశంలో ఈ విషయంలో ఏ చట్టమూ రాలేదు. 1939లో స్త్రీల కోసం ఉలేమా, శాసనసభ్యులు కలిసి చేసిన పనిని అనాథలైన మనవళ్ల కోసం ఇప్పుడు చేయడానికి శాస్త్రపరమైన అడ్డంకి లేదు, ఈజిప్టు నమూనా కళ్లెదుటే ఉంది.

అది వచ్చేదాకా చేయగలిగినది కూడా చెబుతాను. మనవళ్లు ఆ పరిస్థితిలో వారసులు కారు కాబట్టి, అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలిన ఆస్తిలో మూడో వంతు దాకా వారి పేర వసియత్ (వీలునామా) రాయడానికి మిగిలిన వారసుల సమ్మతి అక్కర్లేదు. బతికుండగానే హిబా (దానం) చేసి స్వాధీనం కూడా అప్పగిస్తే ఆ పరిమితి సైతం ఉండదు. అలాగే నికా సమయంలోనే, నిర్దిష్టమైన షరతులు భర్త మీరితే తలాఖ్ అధికారం భార్యకు సంక్రమించేలా నికానామాలో రాయించుకోవచ్చు. తఫ్వీజ్ అనే ఈ ఏర్పాటును హనఫీ న్యాయం మొదటి నుంచీ అంగీకరిస్తోంది, థానవీ గ్రంథం కూడా దాన్ని సూచించింది. మీ ఇంట్లో పెళ్లి మాటలు నడుస్తుంటే, వధువుకు వరుడు ఇచ్చే మెహర్ ఎంతో మాట్లాడుకునే రోజునే ఆ షరతులు కూడా రాయించండి, పెళ్లి అయ్యాక అడిగితే ఎవరూ రాయరు.